నిన్న సాయంత్రం వేసుకున్న మాత్ర

మూత తియ్యలేదు. సరిగ్గా నా ముఖానికి పైన, సీలింగులో, పొగ కనిపెట్టే డిటెక్టరు ఉంది, దాని మీద పసుపు రంగు ప్లాస్టిక్ మూత అలాగే ఉంది. గోడలకి రంగులు వేసేటప్పుడు దుమ్ము పడకుండా తొడుగుతారు, పని అయ్యాక తీసెయ్యాలి, ఎవరూ తియ్యరు, తీయాల్సినవాడు టీకి వెళ్తాడు, వచ్చాక మర్చిపోతాడు, ఇక ఈ గది మొత్తం తగలబడ్డా ఆ డిటెక్టరుకి చీమ కుట్టినట్టయినా ఉండదు. నా ఉద్యోగమే ఇది, ఫైర్ అలారాలు బిగించడం, బాగుచెయ్యడం, ఏ భవనంలో అడుగుపెట్టినా నా కళ్ళు ముందు కప్పుకే పోతాయి. మీరు మనుషుల మొహాలు చూడరు కదా, కప్పులే చూస్తారు అంటుంది మా ఆవిడ, ఒకప్పుడు నవ్వుతూ అనేది, ఈ మధ్య నవ్వకుండా అంటోంది. ఇవాళ కప్పు తప్ప వేరే చూడ్డానికి లేకుండా వెల్లకిలా పడుకోబెట్టారు, చల్లటి సన్నటి బల్ల, చేతులు రెండూ పక్కలకి చేర్చి పైన ఆకుపచ్చ గుడ్డ కప్పారు, కుడి తొడ మొదట్లో మత్తు సూది పొడిచి అక్కణ్ణుంచి సన్నటి గొట్టం గుండె దాకా పంపిస్తున్నారు. నొప్పి లేదు. ఏదో పాకుతున్నట్టు కూడా లేదు. లేకపోవడమే ఘోరంగా ఉంది, నా ఒంట్లో ఎవరో తిరుగుతున్నారు, నాకు కబురు లేదు. మీరు మెలకువగానే ఉంటారండీ, మాట్లాడొచ్చు కూడా, ఏ ఇబ్బంది ఉన్నా వెంటనే చెప్పండి అన్నాడు గుండె డాక్టరు మాస్కు వెనకనుంచి. చెప్పండి అట. చెప్పాల్సింది ఒకటే ఉంది, అది తప్ప ఏదైనా చెప్తాను.

నాకింకా నమ్మకం కుదరడం లేదు, నేను మొదట డాక్టరు దగ్గరికి వెళ్ళింది గుండె కోసం కాదే, గుండె ఊసే లేదే నా బుర్రలో. పొద్దున్న వార్డులో ఒక పెద్దాయన బ్లేడు పట్టుకొచ్చి, సిగ్గుపడకండి సార్, ఇక్కడ రాజైనా పేదైనా నాకు ఒకటే అని బొడ్డు కింద నున్నగా గీకి వెళ్ళినప్పుడు కూడా అదే అనుకున్నాను, చూడు, ఏ చోటు గురించి ఎవరికీ తెలియకూడదని ఏడాదిపాటు నానా తంటాలు పడ్డానో ఆ చోటికే అందరూ లైటు వేసి మరీ వచ్చేశారు. ఏడాదా, ఇంకా ఎక్కువేనా. మొదట్లో అలసట అనుకున్నాను, పెద్ద ఆఫీసు కట్టడం పని, రోజంతా నిచ్చెన మీద మెడ వెనక్కి వాల్చి నిలబడితే ఎవరికి మాత్రం ఓపిక ఉంటుంది. తర్వాత వయసు అనుకున్నాను. తర్వాత అనుకోవడం మానేసి తప్పించుకోవడం మొదలుపెట్టాను, ఆవిడ పక్క మీదకి వచ్చేసరికి గురక, నిజం గురక కాదు, మా నాన్న గురకని జ్ఞాపకం చేసుకుని మరీ పెట్టిన గురక. మొగుడి గురకలో నిజమేదో దొంగదేదో తెలియనంత అమాయకురాలు కాదు ఆవిడ. కొన్నాళ్ళకి దిండు తీసుకుని పిల్ల గదిలోకి వెళ్ళిపోయింది, మోకాళ్ళ నొప్పి, ఈ మంచం ఎత్తు తక్కువ అంది. నేను సరే అన్నాను. అంత తేలిగ్గా సరే అన్నందుకు ఆవిడ గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది, ఆగిందని నాకు తెలుసు, నేను కప్పు చూస్తున్నాను.

"వేడిగా అనిపిస్తుందండీ, మందు ఎక్కిస్తున్నాం, భయపడకండి," అంది నర్సు. మా పిల్ల ఈడు ఉంటుంది. నిజంగానే ఒక్కసారిగా వేడి, మెడనుంచి పొత్తికడుపు దాకా, పక్కనున్న తెర మీద నల్లటి కొమ్మలు పుట్టుకొచ్చాయి, కదిలాయి, మాయమయ్యాయి. అది నేనా. అది నా గుండెకి రక్తం తీసుకెళ్ళే దారులా. ఎక్కడో ఎవరిదో అన్నట్టుంది చూస్తుంటే.

మగవాళ్ళ జబ్బులు చూసే ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళకపోతే ఇదంతా లేదు. బోర్డు మీద పొడి అక్షరాలు, డిగ్రీలు తప్ప ఇంకేం లేవు, మగాయనే అని తీర్మానించుకుని మూడు వీధుల అవతల స్కూటరు ఆపి, తల దించుకుని నడిచి, తీరా తలుపు తోస్తే లోపల ఆడమనిషి, తెల్లజుట్టు, కళ్ళద్దాలు మెడలో గొలుసుకి వేలాడుతున్నాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి. నడుం నొప్పండీ అన్నాను. నడుం నొప్పికి ఇక్కడికెవరూ రారండీ, కూర్చోండి అంది. ఇక మొదలుపెట్టింది, అసలు రావడం లేదా, వచ్చి నిలవడం లేదా, కోరిక ఉందా లేదా, తెల్లవారి మెలకువ వచ్చినప్పుడు ఎలా ఉంటోంది, సిగరెట్టా, రోజుకెన్ని, సుగరు చూయించుకున్నారా, బీపీకి ఏ మందు, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా. నీళ్ళ మోటారు రిపేరుకి వచ్చినవాడు అడిగినట్టు అడిగింది, మొహంలో నవ్వు లేదు, జాలి లేదు, అందుకే కాబోలు నేను జవాబులు చెప్పేశాను, నా నోటి వెంట ఆ మాటలు రావడం విని నేనే నిర్ఘాంతపోయాను. తెల్లవారి కూడా లేదంటే ఇది ఒక్క మనసు గొడవే కాకపోవచ్చు అంది. మనసు వల్ల వస్తుంది, సుగరు వల్ల వస్తుంది, కొన్ని మందుల వల్ల వస్తుంది, మొగుడూ పెళ్ళాలకి పడకపోతే వస్తుంది, మీరు మాత్రం ఆయాసం అన్నారు కాబట్టి నా అనుమానం వేరే అంది. అక్కడి రక్తనాళాలు సన్నంగా ఉంటాయండీ, గుండెవి కాస్త లావు, గోడలకి కొవ్వు పట్టడం మొదలైతే సన్నవి ముందు మూసుకుంటాయి, లావువి తర్వాత, అందుకని చాలామందికి గుండెనొప్పి కంటే కొన్నేళ్ళు ముందు ఈ ఇబ్బంది వస్తుంది, మీరు సిగ్గుపడుతున్నారు గానీ ఇది మీ గుండె పంపిన కబురు కావచ్చు, ముందు దాన్ని చూయించుకోండి అంది.

దిమ్మ తిరిగిపోయింది నాకు. అలారం గురించి నాకు చెప్తోంది ఈవిడ. నాకు! మోగగానే ప్యానెల్లో సైలెన్స్ బటన్ నొక్కేసి ఏం లేదు ఏం లేదు అనే మేనేజర్లని ఎంతమందిని తిట్టాను, ముందు పొగ ఎక్కడుందో చూడవయ్యా, మోత ఆపితే మంట ఆరుతుందా అని ఎన్నిసార్లు గొంతు చించుకున్నాను. తీరా నా ఇంట్లో మోగితే నేను చేసిందేమిటి. మాతో పనిచేసే ఒకడున్నాడు, గొంతు పెద్దది, అందుకని వాణ్ణి హూటర్ అంటాం, వాడు ఓ రోజు భోజనాల దగ్గర మాటల్లో మాటగా నీలం మాత్రల గురించి గొప్పలు పోతుంటే, అందరూ లేచాక వాడి దగ్గరికెళ్ళి, మా చుట్టాలాయనకి కావాలట అన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, చుట్టాలాయనకి నా నమస్కారాలు చెప్పు గురూ అని ఒక అట్ట చేతిలో పెట్టాడు. ఊరంతా చాటే మనిషి, ఆ ఒక్క సంగతి మాత్రం ఎక్కడా అనలేదు, ఎందుకు అనలేదో. ఆ అట్ట నా టూల్ బాక్సులో, స్క్రూడ్రైవర్ల అర కింద. ఆవిడ పిల్ల గదికి మారకముందే మూడు నాలుగు సార్లు వేసుకున్నాను, ఒకసారి తలనొప్పి, ఒకసారి ఆవిడ నిజంగానే నిద్రపోయింది, ఒకసారి బాగానే ఉంది, ఆ ఒక్కసారి ఆవిడ చీకట్లో నా మొహం తడిమి చూసింది, ఇంతకాలం ఎక్కడికెళ్ళావు అన్నట్టు. మర్నాడు మళ్ళీ మామూలే. ఆ మర్నాడే అనుకుంటా, బట్టలు మడతపెడుతూ, తల ఎత్తకుండా, ఎవరైనా ఉన్నారా అని అడిగింది. నీకేమైనా మతి పోయిందా అని అరిచాను. అరవకుండా ఉంటే ఎంత బాగుండేది, మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

డాక్టరమ్మ ఆ మాత్రల సంగతీ రాబట్టింది. ఎవరిచ్చారు, ఎవరో ఇస్తే వేసుకోవడమేనా, చదువుకున్నారు కదా. ఇది నయం కాని జబ్బేం కాదండీ, సిగరెట్టు మానండి, నడవండి, గుండె సంగతి తేలాక మీకు తగిన మాత్ర నేనే రాస్తాను, అప్పటిదాకా ముట్టుకోకండి. ఇంకోటి. గుండెకి వాడే మందు ఒకటుంది, నైట్రో అంటారు, ఈ మాత్ర ఒంట్లో ఉండగా ఆ మందు పడిందంటే బీపీ పాతాళానికి పడిపోతుంది, మనిషి దక్కకపోవచ్చు, ఆసుపత్రిలో ఎవరు అడిగినా ఇది మాత్రం దాచకండి అంది. దాచనండీ అన్నాను. లేచి వస్తుంటే, మీ ఆవిడకి చెప్పారా అంది. లేదండీ. ఆవిడ ఏమనుకుంటున్నారో కనుక్కున్నారా. నేను చెప్పులు వేసుకోవడం కష్టమైన పనిలాగా చాలాసేపు చెప్పులు వేసుకున్నాను.

అడిగారు. పొద్దున్నే అడిగారు. ఈ నర్సే, మంచం పక్కన నిలబడి, ఇంకేమైనా మందులు వాడుతున్నారా అండీ, ఒకటి రెండు రోజుల్లో శక్తి మాత్రలు గానీ అలాంటివేమైనా గానీ. ఆ పక్కన మా ఆవిడ, చేతిలో నా చదువుకునే కళ్ళద్దాలు. ఈ పక్కన మా బావమరిది, వాడికి నేనంటే ప్రాణం, నాకంటే మంచివాడు లేడని ఊరంతా చెప్తాడు. నర్సు పిల్ల మా పిల్ల ఈడు. ఛ ఛ, అలాంటివేం లేవమ్మా అన్నాను. ఛ ఛ అని రెండు సార్లు. మా బావమరిది నవ్వాడు కూడా, మా బావకా, బంగారం అండీ అన్నాడు. మాత్ర వేసుకుని పూర్తిగా ఒక రోజన్నా కాలేదు.

నిన్న సాయంత్రం. ఎందుకు వేసుకున్నాను. ఇంట్లో ఆయాసం అని చెప్పి చేయించుకున్న పరీక్షలు బాగా లేవు, రేపు గుండెలోకి తీగ పోతుంది, వస్తానో రానో, ఒక్కసారి, ఒక్కసారి ఆవిడకి తెలియాలి, నేను మొహం తిప్పుకున్నది నీ నుంచి కాదని నోటితో చెప్పడం రాదు నాకు, ఒంటితో అయినా చెప్దామనుకున్నాను. పిల్ల స్నేహితురాలింటికి వెళ్ళింది. ఆవిడ స్నానం చేసి వచ్చింది, తడి జుట్టు, మెడ మీద నీళ్ళు, చాలా రోజులకి చూశాను, కప్పు కాదు, ఆవిడ్ని. అట్టలో మిగిలింది ఆ ఒక్కటే. వేసుకుని మంచం మీద కూర్చున్నాను, పెళ్ళికొడుకులా కూర్చున్నానని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. ఆవిడ వచ్చింది. వచ్చి ఆసుపత్రి సంచి తెచ్చి మంచం మీద, మా ఇద్దరి మధ్య పెట్టి, తువ్వాళ్ళు మడవడం మొదలుపెట్టింది. కాసేపు ఇలా కూర్చోవే అన్నాను. కూర్చుంటే ఇవన్నీ ఎవరు సర్దుతారు, బనీన్లు ఎన్ని పెట్టమంటారు. రెండు పెట్టు, అది కాదు, ఇలా రా. వచ్చి నా మొహం చూసి అదిరిపోయింది, ఇదేంటండీ ఇంత ఎర్రబడ్డారు, ఒళ్ళు కాలిపోతోంది, జ్వరం పెట్టుకుని రేపు ఆపరేషన్ ఎలా చేస్తారు, ఏరా తమ్ముడూ ఒకసారి వెంటనే రా అని ఫోను. మాత్ర వేడి అది, మొహం ఎర్రబడుతుంది, ముక్కు మూసుకుపోతుంది, జ్వరం కాదే అని చెప్పలేను. వాడు బీపీ మిషను పట్టుకుని పరుగెత్తుకొచ్చి, భోజనాలయ్యేదాకా నా పక్కనే కూర్చుని, చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పాడు. ఆ మాత్ర కూడా ఏం మాత్ర, ఎన్నడూ లేనిది నిన్ననే దివ్యంగా పనిచేసింది, బావమరిది ధైర్యం చెప్తుంటే ఒళ్ళో దిండు పెట్టుకుని కూర్చున్నాను. నవ్వొస్తోంది. బల్ల మీద నవ్వకూడదు, గొట్టం కదులుతుంది.

"ఇదిగో, దొరికింది," అన్నాడు డాక్టరు. తెర మీద కొమ్మ ఒకటి, మధ్యలో సంచి మూతికి దారం బిగించినట్టు నొక్కుకుపోయి ఉంది, ఆ దారం అవతల అంతా పలచన. "నూటికి తొంభై వంతులు మూసుకుంది. చాలా అదృష్టవంతులండీ, నొప్పి రాకముందే వచ్చారు. ఎవరు పంపించారు మిమ్మల్ని?" నొప్పి రాకముందే. అంటే ఆ ఒక్క సిగ్గు లేకపోతే నేను ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళను, వెళ్ళకపోతే ఏదో ఒక నిచ్చెన మీద, చేతిలో డిటెక్టరుతో, అంతే. ఏ దిక్కుమాలిన సంగతి నా బతుకు నాశనం చేసిందని ఏడ్చానో అదే నన్ను ఇక్కడిదాకా ఈడ్చుకొచ్చింది.

"స్టెంటు ఇప్పుడే వేసేద్దాం. వాళ్ళావిడ్ని అద్దం వెనక గదిలోకి పిలవండి, తెర మీద చూపించి ఒక మాట చెప్దాం." అద్దం వెనక ఆవిడ వచ్చి నిలబడింది, పక్కన బావమరిది, ఇద్దరికీ నీలం గౌన్లు తొడిగారు, ఆవిడకి అది పొడుగైంది. గోడకి ఒక స్పీకరు, దాని మీద పచ్చ దీపం వెలుగుతోంది. అంటే ఇటు మాట అటు, అటు మాట ఇటు. డాక్టరు చెప్తున్నాడు, ఆవిడ తల ఊపుతోంది, "మీరు ఎలా అంటే అలాగే బాబూ, మనిషి నాకు దక్కితే చాలు," అంది స్పీకరులోంచి. ఆ మాట ఎలా అందో. గురక విని, అరుపు విని, దిండు తీసుకుని వెళ్ళిపోయిన మనిషి.

"నైట్రో రెడీ చెయ్యమ్మా. నాళం విప్పారితే కొలత సరిగ్గా తెలుస్తుంది."

నైట్రో అన్నాడు. అదే మాట. ఇంకేదైనా కావచ్చు, ఇంకో నైట్రో కావచ్చు, లేదు, అదే, నర్సు బుల్లి సీసా తల విరిచింది, సిరంజి పెట్టింది. చెప్పాలి. చెవిలో చెప్దాం, చెవి ఎక్కడుంది, ఆ పిల్ల చెవి టోపీలో ఉంది, నా చేతులు గుడ్డ కింద ఉన్నాయి. గొణిగినా స్పీకరు పట్టుకుంటుంది, నేనెరగనా ఈ మైకులు, చీమ నడిచినా వినిపిస్తాయి. బావమరిది, బంగారం అన్నాడు. ఏమీ కాదేమో, నిన్న సాయంత్రం కదా, అరిగిపోయి ఉంటుంది, దాచకండి అంది డాక్టరమ్మ, పాతాళం అంది, మనిషి దక్కకపోవచ్చు అంది, మనిషి నాకు దక్కితే చాలు అంది ఈవిడ. పోతే పోతాను, పరువు మిగులుతుంది. మిగులుతుందా? టూల్ బాక్సు. ఖాళీ అట్ట స్క్రూడ్రైవర్ల కింద ఉంది. నేను పోయాక ఎప్పుడో ఆవిడే తీస్తుంది ఆ పెట్టెని, అమ్మడానికో, ఇచ్చెయ్యడానికో, అట్ట చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి చదువుకుని, ఎవరైనా ఉన్నారా అని అడిగిన మనిషి, నా దగ్గర లేనిది ఇంకెక్కడో ఖర్చు పెట్టాడన్నమాట అనుకుంటుంది, బతికినన్నాళ్ళూ అదే అనుకుంటుంది, కాదే అనడానికి నేనుండను.

"ఆగండి!" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

అందరూ ఆగిపోయారు. "ఏమైందండీ, నొప్పా?" అన్నాడు డాక్టరు.

"పైన... ఆ డిటెక్టరుకి మూత తియ్యలేదు."

డాక్టరు పైకి చూశాడు, నర్సు పైకి చూసింది, ఎవరో కిసుక్కున నవ్వారు. "మీ డ్యూటీ ఇక్కడ కూడానా? తీయిద్దాం లెండి, ముందు మీ సంగతి చూద్దాం," అని డాక్టరు చెయ్యి చాచాడు, నర్సు సిరంజి అందిస్తోంది, అందించేసింది.

"నిన్న సాయంత్రం మాత్ర వేసుకున్నాను," అన్నాను. "పొద్దున్న ఈ అమ్మాయి అడిగితే లేదన్నాను, అబద్ధం చెప్పాను. నీలం మాత్ర. అదే. మగవాళ్ళది."

సిరంజి ఆగింది. మాస్కు పైన డాక్టరు కళ్ళు ఒక్క క్షణం నా మీద నిలిచాయి. "తీసెయ్యి, పారెయ్యి, ఈయనకి నైట్రో ఇవ్వకూడదని అందరికీ చెప్పు," అన్నాడు నర్సుతో. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు. "చెప్పి మంచి పని చేశారు. అది లేకుండానే చేసుకుందాం."

పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. స్పీకరులో బావమరిది దగ్గాడు. నేను కప్పు చూడలేదు. మెడ తిప్పకూడదన్నారు గనక కళ్ళు మాత్రం తిప్పి, అద్దం వైపే చూశాను. ఆవిడ నోరు కొంచెం తెరిచి ఉంది, పొడుగు గౌను చేతుల్లోంచి వేళ్ళు బయటికి తీసి అద్దం మీద పెట్టింది.

"నిన్నా?" అంది. స్పీకరులో ఆ మాట ఎక్కడినుంచో వచ్చినట్టుంది. "నిన్న సాయంత్రమా? నేను సంచి సర్దుతున్నప్పుడా?"

"అవునే."

"మరి జ్వరం..."

"జ్వరం కాదే అది."

ఆవిడకి అర్థం కావడం నేను చూశాను, అర్థమవుతున్న కొద్దీ మొహం మారడం చూశాను, నిన్న సాయంత్రం నుంచి మొదలై వెనక్కి, వెనక్కి, ఆ మడతపెట్టిన బట్టల దాకా, ఆ దిండు దాకా.

"నాకోసమా?"

"మరెవరికోసమే," అన్నాను. "ఎవరూ లేరే. నాకు చేతకాకే. చెప్పడానికి నోరు రాకే."

గదిలో ఎవరూ ఎవరి మొహం చూడడం లేదు. నర్సు పిల్ల గొంతు సవరించుకుని, అద్దం వైపు తిరిగి, మెల్లిగా, "అమ్మా, మైకు ఆన్‌లో ఉందండీ, అందరికీ వినిపిస్తోంది," అంది.

"ఉండనివ్వమ్మా," అంది మా ఆవిడ.